కొత్తకోట రాడార్, బల్మూర్ చెవి

తమ్ముడు పోయాడన్న వార్త నాకు మొదట తెచ్చింది అతని తల్లి. అప్పటికి నేను ఆమెను చూడలేదు. ఆ మాటకొస్తే తమ్ముణ్ణి కూడా ఎన్నడూ చూడలేదు. మాది కొత్తకోట, వాళ్ళది బల్మూర్ దగ్గర ఒక ఊరు. తోడబుట్టినవాడు కాదు, మా మతం కాదు, దూరపు చుట్టం కూడా కాదు. కంప్యూటర్‌లో జలాంతర్గామి ఆట ఒకటి మేము ముగ్గురం కలిసి ఆడేవాళ్ళం. మా ఆయన, నేను, అతను. మా మధ్య ఉన్న సంబంధం అంతే.

అతను కొన్నాళ్ళుగా ఆటకు రాలేదు. కాలంగాని వాన పడింది కదా, చేన్లో పనుండి ఉంటుంది అనుకున్నాం. అయినా రోజూ మగ్రిబ్ నమాజ్ చేసుకుని, కంప్యూటర్ పెట్టి, అతనికి ఒకసారి పిలుపు పంపేదాన్ని. అది ఫోన్ మోగినట్టే అటువైపు మోగుతుంది. ఆ సాయంత్రం చాలాసేపు మోగి, ఆగి, ఎవరో ఎత్తారు.

మా ఆయన ముఖం వెలిగింది. "ఏం తమ్మీ, యాడ మునిగినవ్ ఇన్ని దినాలు?" అన్నాడు మైకు దగ్గరికి వంగి.

అటునుంచి ఊపిరి మాత్రమే వినిపించింది. తర్వాత ఒక పెద్దామె గొంతు.

"మావోడు లేడు నాయనా. మోటర్ కాడ కరెంట్ గొట్టింది. దినాలు గూడ అయిపోయినయ్."

కొడుకు పెట్టిపోయిన కంప్యూటర్‌ను ఆర్పడం ఆమెకు తెలియలేదో, మనసొప్పలేదో, అది అట్లాగే ఉండిపోయింది. రోజూ పొద్దుమూకే వేళ ఆ డబ్బా మోగుతుంటే ఆమె దాని ముందు కూర్చుని చూసేదట. ఆ రోజు ఫోన్‌లో ఉన్నట్టే పచ్చ గుర్తు ఒకటి కనిపిస్తే దాన్ని ఒత్తింది. మేమెవరమని అడిగింది. తన కొడుకు రోజూ మాతో ఏం మాట్లాడేవాడని అడిగింది. మా ఆయన లేచి, చేత్తో గోడ తడుముకుంటూ పోయి మంచం మీద పడుకున్నాడు. జవాబు చెప్పాల్సినదాన్ని నేనే అయ్యాను.

ఏం చెప్పను? ఎటువైపు ఓడ ఉంది, ఎంత దూరంలో ఉంది, చప్పుడు పెరుగుతుందా తగ్గుతుందా, ఇవి తప్ప మేము పెద్దగా మాట్లాడుకున్నది లేదు. "తమ్ముడు మాకు చెవి అమ్మా" అన్నాను. ఆమెకు ఏం అర్థమైందో తెలియదు. "అవునా బిడ్డా" అంది.

వెనక్కి తిరిగి చూస్తే మా ఆయన ముఖం గోడ వైపు తిరిగి ఉంది. ఆ ముఖం అట్లా తిరగడం నేను అంతకుముందు ఒకసారి చూశాను. దాన్ని మళ్ళీ మనుషుల వైపు తిప్పింది ఆ తమ్ముడే. ఇప్పుడు తిప్పేవాళ్ళు ఎవరు?

మా ఆయన లారీల కరెంటు పని చేసేవాడు. డైనమో, సెల్ఫ్ మోటారు, హెడ్‌లైట్ల వైరింగు. బెంగుళూరు రోడ్డు మీద నడిచే డ్రైవర్లకు ఆయన షెడ్డు బాగా గుర్తు. షుగర్ ముందు ఎడమ కంటిని తీసుకుంది. కుడి కంటి కోసం హైదరాబాద్‌లో కంటి దవాఖాన చుట్టూ తిరిగాం. అక్కడి వాళ్ళు చేయగలిగింది చేశారు, వాళ్ళకు మేలు జరగాలి. కానీ చూపు నిలవలేదు. వెలుతురు ఉందా లేదా అన్నది మాత్రం తెలుస్తుంది. షెడ్డు ఇంకొకరికి ఇచ్చేశాక ఆయన మాట్లాడటం మానేశాడు. శుక్రవారం జుమ్మా నమాజ్‌కు కూడా మసీదుకు పోలేదు. పొద్దున లేచి, చాయ్ తాగి, గోడ వైపు తిరిగి పడుకునేవాడు. నేను దగ్గర కూర్చుని తస్బీ పూసలు తిప్పేదాన్ని. ఇంకేం చేయాలో నాకు తెలిసేది కాదు.

గద్వాలలో మా చెల్లెలి భర్తకు జిరాక్స్, కంప్యూటర్ల దుకాణం ఉంది. పాత కంప్యూటర్ ఒకటి ఆటోలో వేసుకుని తెచ్చి, మా ఇంట్లో పెట్టి పోయాడు. కళ్ళు లేని మనిషికి కంప్యూటర్ ఏంది అని నేను అడిగాను. అతను చెప్పిన మాట ఇప్పటికీ గుర్తుంది. నీళ్ళ కింద పోయే పడవలో ఎవరికీ ఏమీ కనిపించదట. కిటికీ ఉండదట. కెప్టెన్ కూడా గుడ్డివాడితో సమానమే, తన మనుషులు చెప్పింది విని మనసులో లెక్క వేసుకుని పడవ నడపాలట. "అన్నకు తెల్వని పనా ఇది వదినా?" అన్నాడు. అతను తెచ్చింది పాత సామాను అయినా ఆ రోజు మా ఇంటికి వచ్చింది రహమత్, పైవాడి దయ, అనే నేను అనుకుంటాను.

ఆ ఆటలో పడవకు రకరకాల సీట్లు ఉంటాయి. ఒక్కో సీటులో ఒక్కో మనిషి కూర్చోవచ్చు, మనుషులు లేని చోట బొమ్మమనుషులే పని చేస్తారు. మా ఆయన కెప్టెన్. నేను రాడార్. గుండ్రటి అద్దం, దాని మీద గడియారం ముల్లులాగా తిరిగే గీత, ఎక్కడ ఓడో ఒడ్డో ఉంటే అక్కడ మెరిసే చుక్క. అది చూసి చెప్పడం నా పని. నీళ్ళ కింద శబ్దాలు వినే సీటు ఖాళీగా ఉండేది. తెలుగు మాట్లాడేవాళ్ళు కావాలని మా చెల్లెలి భర్త ఆటలోనే ఒక చోట రాసి పెట్టాడు. బల్మూర్ దగ్గర కౌలుకు చేను చేసే ఒకతను వచ్చాడు. డిగ్రీ చదివి, హైదరాబాద్‌లో కొన్నాళ్ళు ఉండి, తండ్రి పోయాక వెనక్కి వచ్చి సేద్యం పట్టాడట. సేద్యం చేసేవాడికి పిల్లనిచ్చేవాళ్ళు లేరని నవ్వుతూ చెప్పేవాడు. ఇంట్లో మేము ఉర్దూ మాట్లాడుకుంటాం. అతని కోసం తెలుగులోకి మారాం. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మా ఆయన నాతో తెలుగులో మాట్లాడటం అదే మొదలు. షెడ్డుకు వచ్చిన గిరాకీతో మాట్లాడినంత మర్యాదగా మాట్లాడేవాడు. నాకు నవ్వొచ్చేది.

నేను బడికి పోలేదు. మా అబ్బా దర్జీ. ఇంట్లోనే నాకు అరబీ అక్షరాలు, ఉర్దూ నేర్పాడు. తెలుగు మాత్రం ఆయన కొలతల కోసం కత్తిరించే పేపర్ల మీద నేర్చుకున్నాను. చంక వంపు దగ్గర వాక్యం సగంలో తెగిపోయేది, మిగతాది నేను ఊహించుకునేదాన్ని. రాడార్ అద్దం చుట్టూ ఉండే డిగ్రీల అంకెలు నాకు పట్టుబడలేదు. అంకెలు వద్దు, వైపు చెప్పు అన్నాడు మా ఆయన. వైపు అంటే నాకు ఒక్కటే గుర్తు. మా కంప్యూటర్ బల్ల పడమటి గోడకు ఉంది, ప్లగ్గు అక్కడే ఉంది కాబట్టి. నమాజ్‌కు నేను జానిమాజ్ పరిచేది కూడా ఆ గోడ వైపే, మక్కా ఉన్న దిక్కు, ఖిబ్లా, అదే కాబట్టి.

మొదటి రోజుల్లోనే మా పడవ ఒడ్డుకు గుద్దుకుంది. పడవ తూర్పుకు పోతోంది. అద్దం పై అంచున పెద్ద మెరుపు వచ్చింది. ఎటువైపు అని అడిగితే "ఖిబ్లా వైపు నేల ఉంది" అన్నాను. మా ఆయన లెక్క వేసుకున్నాడు. పడవ తూర్పుకు పోతుంటే ఖిబ్లా వెనక్కి కదా, నేల వెనక ఉందన్నమాట, భయం లేదు, వేగం పెంచండి అన్నాడు. నేరుగా రాళ్ళ మీదికి ఎక్కింది.

రాడార్ అద్దంలో పై అంచు అంటే పడవ మూతి అని, అది ఏ దిక్కుకు తిరిగితే అద్దం దానితో పాటు తిరుగుతుందని అప్పుడు తెలిసింది. బల్మూర్ నుంచి తమ్ముడు చాలాసేపు నవ్వాడు. "ఇంట్ల గోడ దిరగదక్కా, పడవ దిరుగుతది" అన్నాడు. తర్వాత అతనే దారి చెప్పాడు. పడవ మూతి ఎటుంటే అదే ఖిబ్లా అనుకుందాం. ఖిబ్లాకు నిలబడితే కుడిచేతి వైపు హైదరాబాద్, ఎడమచేతి వైపు కర్నూలు, వెనక వనపర్తి. ఎదురుగా కొంచెం ఎడమకు గద్వాల. ఇక కొత్తకోటలో పుట్టి పెరిగిన ఇద్దరికి తప్పు పోయే మాటే లేదు.

ఖిబ్లాను అట్లా తిప్పడం నాకు లోపల గుచ్చుకుంది. కానీ దిక్కు తెలియని చోట మనిషి నిజాయితీగా వెతికి ఎటు నిలబడితే అటు నమాజ్ చెల్లుతుందని అబ్బా నేర్పిన మాట గుర్తు తెచ్చుకుని ఊరుకున్నాను.

ఇంకొకటి కూడా గుచ్చుకుంది. ఆ ఆటలో ఓడల్ని ముంచాలి. ఓడలో మనుషులుంటారు కదా అని అడిగాను. బొమ్మలే అన్నాడు మా ఆయన, కానీ గొంతులో ఇబ్బంది ఉంది. ఎవర్నీ ముంచకుండా, ఎవరికీ కనపడకుండా, పొగమంచులో పడవను రేవుకు చేర్చడమే మన ఆట అని పెట్టుకుందామా అన్నాను. బల్మూర్ నుంచి తమ్ముడు అందుకున్నాడు.

"గట్లయితే మనది సబ్‌మరీన్ గాదు సాబ్, ఎర్రబస్సు. కొత్తకోటల ఎక్కుడు, కర్నూల్ల దిగుడు" అన్నాడు.

"టికెట్ తీస్కో మరి" అన్నాడు మా ఆయన. ఆయన నోట తమాషా మాట విని ఎంత కాలమైందో. నేను లేచిపోయి వంటింట్లో పైవాడికి కృతజ్ఞతగా రెండు రకాత్‌లు శుక్రానా నమాజ్ చదువుకున్నాను.

రాడార్ వాడకంలో ఒక కష్టం ఉంది. నీళ్ళ పైకి వస్తేనే అది పని చేస్తుంది. అది వెలిగించి ఉంచితే మనం అందర్నీ చూస్తాం, అందరూ మనల్ని కనిపెడతారు. అందుకే "ఒక్క చుట్టు, బంద్" అనేవాడు మా ఆయన. నేను బిస్మిల్లా అని వెలిగించి, గీత ఒక్క చుట్టు తిరగగానే ఆర్పేసి, చూసింది చెప్పేదాన్ని. పడవ మునిగాక నేను గుడ్డిదాన్ని. అప్పుడు తమ్ముడు. అతని సీటు నీళ్ళ కిందనే వింటుంది. అంటే మేమిద్దరం ఒకేసారి పని చేసేది లేదు. పైన ఉన్నంతసేపు కెప్టెన్‌ను నేను చూసుకోవాలి, మునిగితే అతను. పరాయి మగమనిషితో మాట్లాడే అలవాటు నాకు లేదు. ఈ అప్పగింతలు మాత్రం జరిగేవి. నా బిస్మిల్లా వినపడితే అతను వినడం ఆపేవాడు. మునిగేముందు "నీ కాడికెళ్ళి తీస్కుంటున్న అక్కా" అనేవాడు, నెత్తి మీది బరువు మార్చుకున్నట్టు.

ఒక సాయంత్రం మాటల్లో, చేన్లో మోటారు స్టార్టర్ డబ్బాను ముట్టుకుంటే జుమ్మంటుందని చెప్పాడు. నవ్వులాటకే చెప్పాడు. మా ఆయన ఆట ఆపించాడు.

"తమ్మీ, దానికి ఎర్తింగ్ లేదు. రాడ్ దెచ్చి తీగె గట్టు. రేపే గట్టు."

"కడ్త సాబ్, జర పల్లి ఇత్తుడు కానియ్యి."

తర్వాత అడిగితే తీగ తెచ్చానన్నాడు. ఇంకోసారి అడిగితే వాన తగ్గనియ్యి అన్నాడు. మా ఆయనకు చిరాకు వచ్చింది. తనకు కళ్ళుంటే తానే వచ్చి కట్టి పోయేవాణ్ణని అన్నాడు.

"కండ్లుంటే మీరు నాకు యాడ దొరుకుతుంటిరి సాబ్?" అన్నాడు తమ్ముడు.

అతని తల్లి చెప్పిన వార్తతో ఆ మాటే ఆయన లోపల తిరుగుతోందని నాకు తెలుసు. ముఖం గోడకు తిప్పి అన్నం కూడా ముట్టలేదు. కొన్ని రోజుల తర్వాత ఒక పొద్దున, ఇంకా గోడ వైపే తిరిగి ఉండి, "బల్మూర్ పోదాం" అన్నాడు. నా భుజం మీద చెయ్యి వేసి బస్సెక్కాడు. వనపర్తిలో ఒక బస్సు, నాగర్‌కర్నూల్‌లో ఇంకో బస్సు మారాం. ఒక కండక్టర్ ఆయన్ను చూసి ముందు సీటు ఇప్పించాడు. ఆయన చల్లగా ఉండాలి.

తమ్ముడి తల్లి వాకిట్లోకి వచ్చి మమ్మల్ని చేతులు పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. నీళ్ళిచ్చింది. కంప్యూటర్ పక్కన దండ వేసిన ఫోటో పెట్టి ఉంది. "ఎట్లున్నడు?" అని మెల్లగా అడిగాడు మా ఆయన. సన్నగా ఉన్నాడని చెప్పాను. చెవులు పెద్దవని చెప్పాను. ఆయన తల ఊపాడు.

ఎర్తింగ్ తీగ గురించి ఆయన అడిగితే ఆమె కొట్టంలోంచి తెచ్చి ఇచ్చింది. మేకుకు వేలాడదీసిన రాగితీగ చుట్ట, పక్కనే ఇనుప రాడ్డు. "గిదేందో తెచ్చిపెట్టిండు, దేనికో నాకు తెల్వదు" అంది. మా ఆయన ఆ చుట్టను ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో తడిమాడు. కొన్నప్పటి ముడి కూడా విప్పలేదు.

అది తాను కడతానన్నాడు. అక్కడే ఉన్న తమ్ముడి బావ, ఇప్పుడు చేను చూసుకుంటున్నది ఆయనే, ఒప్పుకోలేదు. "కండ్లు కనవడని మనిషివి, కరెంట్‌తోని ఏం పని భాయ్ నీకు? ఇంట్ల ఒకణ్ణి పోగొట్టుకున్నం, సాలదా?" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, భయమే. ఆ తల్లి చెంగుతో ముఖం తుడుచుకుంది.

"కట్టనియ్యి. మావోడు దెచ్చిన తీగె అది. ఊకె పడుండొద్దు."

అందరం చేన్లోకి పోయాం. బావ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫీజులు పీకి చేతిలో పట్టుకుని వచ్చాడు. రేకు కింద, కర్రకు బిగించిన ఇనుప స్టార్టర్ డబ్బా. దాని కింద నేల ఇంకా మెత్తగానే ఉంది. మా ఆయన దాని ముందు కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. ఆయన రెండు చేతులూ డబ్బా దాకా పోయి గాలిలో ఆగిపోయాయి. భయపడ్డాడా అనుకున్నాను. కాసేపటికి అర్థమైంది, నా మాట కోసం ఆగాడు.

"బిస్మిల్లా" అన్నాను.

"చెప్పు" అన్నాడు.

డబ్బా ముఖమే ఖిబ్లా అనుకున్నాను. హైదరాబాద్ వైపు కింద ఒక బోల్టు, జానెడు దూరం, తుప్పు పట్టి ఉంది. కర్నూలు వైపు పైన తీగలు లోపలికి పోయే బొక్క, అటు పోవద్దు. తమ్ముడి బావ అటూ ఇటూ చూసి, "ఈడ హైదరాబాద్ ఏందమ్మా?" అన్నాడు. నాకు ఆయనకు చెప్పే ఓపిక లేదు. రాడ్డును ఆ బావే నేలలోకి కొట్టాడు. తీగ ఒక కొసను రాడ్డుకు, ఇంకో కొసను బోల్టుకు మా ఆయన బిగించాడు. రెండుసార్లు లాగి చూశాడు. ఫీజులు పెట్టి వచ్చి బావ టెస్టర్ ఆనించాడు. వెలగలేదు.

"జుమ్మంటలేదు" అన్నాడు.

"ఇగ అనదు" అన్నాడు మా ఆయన. చేతులు ఒళ్ళో పెట్టుకుని అక్కడే మట్టిలో కూర్చుండిపోయాడు. ఆ తల్లి గట్టు మీద నిలబడి డబ్బాను చూస్తూ ఉంది. ఇంత చిన్న పనా అని ఆమె అడగలేదు. అడుగుతుందేమోనని నేను తల ఎత్తలేదు.

ఇంటికి వచ్చాక మళ్ళీ గోడే అనుకున్నాను. కొన్నాళ్ళు అట్లాగే గడిచింది. ఒక రోజు మగ్రిబ్ తర్వాత మంచం మీద లేచి కూర్చుని, కంప్యూటర్ పెట్టమన్నాడు. పెట్టాను. కెప్టెన్ సీటు పెట్టబోతే వద్దన్నాడు.

"నేను చెవి కాడ కూసుంట. నువ్వే కప్తాన్‌వి."

నాకు చేతకాదన్నాను. ఆయన వినలేదు. ఇప్పుడు పైన ఉన్నంతసేపు రాడార్ చూసుకునేది నేనే, దారి చూసుకునేది నేనే. మునిగాక ఆయనకు అప్పగిస్తాను. ఆయన కళ్ళు మూసుకుని వింటాడు. ఏం వినిపిస్తుందని అడిగితే చాలాసార్లు ఒకటే చెప్తాడు, ఏం లేదు, నీళ్ళే అని. ఒక్కోసారి చెంపలు తడిగా ఉంటాయి. నేను చూసి, చూడనట్టు ఉంటాను. కానీ ముఖం ఇటే ఉంది. అంతవరకు ఇచ్చినవాడికి శుక్ర్.

అతని పేరు ఇక్కడ రాయలేదు, తల్లి వద్దంది. అతనికి భార్య లేదు, పిల్లలు లేరు. ఆ తల్లి తర్వాత అతన్ని తలుచుకునేవాళ్ళు తక్కువ. ఇది చదివినవాళ్ళు, మీరు ఏ వైపు తిరిగి దేవుణ్ణి తలుచుకున్నా, ఒక్కసారి అతన్ని కూడా గుర్తు చేసుకోండి. బల్మూర్ దగ్గర, చెవి సీటులో కూర్చున్న తమ్ముడు అనండి, చాలు.